వేరుశనగ వేరుకే కాస్తుందా? చిన్న తరగతుల్లో ప్రశ్న చుట్టూ అల్లుకునే చదువు

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో రెండో తరగతి పిల్లల్ని "చెనక్కాయ చెట్టుకి ఎక్కడ కాస్తుంది?" అని అడిగి చూడండి. చాలామంది తడుముకోకుండా "వేరుకి" అంటారు. తప్పు వాళ్ళది కాదు. వేరుశనగ అన్న పేరులోనే వేరు ఉంది. నగరి, సత్యవేడు వైపు ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లలు 'వేర్కడలై' అంటారు, అక్కడా ముందున్నది 'వేరు' మాటే. చెట్టు పీకితే మట్టితో పాటు వేళ్ళూ కాయలూ ఒకే గుత్తిగా వస్తాయి కాబట్టి కంటికీ అలాగే కనిపిస్తుంది.

నిజానికి ఒక్క కాయ కూడా వేరుకి కాయదు. నేలకి పైన పసుపు పువ్వు పూస్తుంది. అది వాడాక దాని మొదలు నుంచి ఊడ బయలుదేరి, కిందికి వంగి మట్టిలో దూరుతుంది. ఆ ఊడ కొసన కాయ ఊరుతుంది. ఇది నోటితో చెప్పడానికి అర నిమిషం చాలు. పిల్లలు తామే చూసి తేల్చుకోవాలంటే జూలై నుంచి అక్టోబరు దాకా పడుతుంది. అర నిమిషంలో అయ్యేదానికి నాలుగు నెలలు ఎందుకు పెట్టాలి? అన్వేషణతో నేర్చుకోవడం గురించి టీచర్లకి వచ్చే అనుమానాలన్నీ చివరికి ఈ ప్రశ్న దగ్గరికే చేరతాయి. అన్ని పాఠాలకీ అంత సమయం పెట్టకూడదు, కొన్నిటికి పెట్టి తీరాలి. ఏవి ఏవో తేల్చుకోవడంలోనే చిక్కంతా ఉంది.

కృత్యం వేరు, అన్వేషణ వేరు

శిక్షణ తరగతుల్లో ఆటపాటలు, కృత్యాలు, ప్రాజెక్టు పని, అన్వేషణ అన్నీ ఒకే గాటన కట్టేస్తారు. ఆకులు ఏరుకొచ్చి చార్టు మీద అతికించడం కృత్యం. పిల్లలకి చేతినిండా పని ఉంటుంది, గోడకి అందం వస్తుంది. కానీ అందులో తెలియనిదేమీ లేదు, తేలాల్సిందీ లేదు. అన్వేషణ అనాలంటే మూడు ఉండాలి. పిల్లలకి జవాబు తెలియని ప్రశ్న, ఆ వయసు చేతులతో కళ్ళతో సేకరించగలిగే ఆధారం, ఆ ఆధారాన్ని బట్టి ముందు అనుకున్నది తప్పని తేలే వీలు. మూడోది లేకపోతే మొదటి రెండూ ఉన్నా ప్రయోజనం తక్కువ. టీచరు ముందే జవాబు చెప్పి "ఇప్పుడు చేసి చూడండి" అన్నప్పుడు జరిగేది అదే.

'చెనక్కాయ వారం' అని పెట్టి, తెలుగులో చెనక్కాయ పాట, లెక్కల్లో 5 చెనక్కాయలు 3 చెనక్కాయలు కలిపితే ఎన్ని, బొమ్మల్లో చెనక్కాయకి రంగులు వేయించడం కూడా అన్వేషణ కాదు. ఆ కూడిక చింతపిక్కలతోనైనా ఒకటే. ఒక ప్రశ్నకి జవాబు వెతికేటప్పుడు లెక్క వేయకుండా పని జరగని చోట లెక్క రావాలి, రాయకపోతే మరిచిపోతాం అన్న చోట రాత రావాలి. సబ్జెక్టులు కలపడం అంటే మా దృష్టిలో అంతే.

ఈ ఆలోచన కొత్తదీ కాదు. అమెరికా విద్యావేత్త జాన్ డ్యూయీ 1896లో షికాగోలో పెట్టిన ప్రయోగ పాఠశాలలో వంట, నేత, వడ్రంగం చుట్టూనే చదువు నడిచింది. 1937లో వార్ధాలో గాంధీజీ ముందుపెట్టిన నయీ తాలీం కూడా చేతిపని నుంచే పాఠం పుట్టాలంది. మన పుస్తకాల అమరికలోనే దీనికి చోటు ఉంది. 1, 2 తరగతులకి పరిసరాల విజ్ఞానం పుస్తకం విడిగా ఉండదు, మూడో తరగతిలో వస్తుంది. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం మొదటి రెండేళ్ళు దాన్ని భాషలో, లెక్కల్లో కలిపి చెప్పమంది. 2020 జాతీయ విద్యా విధానం 3 నుంచి 8 ఏళ్ళ వయసును ఒకే పునాది దశగా చూసింది. అంటే రెండో తరగతిలో సబ్జెక్టులు కలపకపోతే చెట్టూ పురుగూ వానా గురించి మాట్లాడే చోటే మిగలదు.

ఏది నేరుగా చెప్పాలి

గుణింతాలు, వత్తులు, అంకెల పేర్లు, పెన్సిలు పట్టుకునే తీరు, స్కేలులో సున్నా ఎక్కడుందో. ఇవి వెతికితే దొరికేవి కావు, పెద్దలు కలిసి ఏర్పరచుకున్నవి. 'క'కి కొమ్ము పెడితే 'కు' అవుతుందని పిల్లవాడు తనంతట తాను కనిపెట్టాలని కూర్చోబెట్టడం అన్యాయం. నేరుగా చెప్పాలి, రోజూ సాధన చేయించాలి. దారి చూపకుండా పిల్లలకే వదిలేసే బోధన మీద 2006లో కిర్ష్‌నర్, స్వెల్లర్, క్లార్క్ అనే పరిశోధకులు రాసిన విమర్శ సారం కూడా ఇలాంటిదే. కొత్తగా నేర్చుకునేవాడు ఒకేసారి మనసులో పట్టి ఉంచుకోగలిగింది తక్కువ. దారి చూపకుండా వదిలేస్తే వెతుకులాటకే అదంతా ఖర్చయిపోయి నేర్చుకోవడానికి ఏమీ మిగలదు. అన్వేషణను సమర్థించేవాళ్ళు మరుసటి ఏడాది దానికి జవాబిస్తూ, మంచి అన్వేషణ పాఠంలో టీచరు సాయం అడుగడుగునా ఉంటుందని గుర్తుచేశారు. ఆరేడేళ్ళ పిల్లల విషయంలో రెండు మాటలూ సరైనవే.

2021లో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ వల్ల మూడో తరగతి దాటేలోగా చదవడం, రాయడం, లెక్కలు వచ్చి తీరాలన్న ఒత్తిడి టీచర్ల మీద బాగా ఉంది. "ఎఫ్‌ఎల్‌ఎన్ (పునాది చదువు, లెక్కలు) చూసుకోవాలా, ఈ గోతాలూ విత్తనాలూ చూసుకోవాలా?" అని అడిగేవాళ్ళ ఆందోళన నిజమైనదే. ఉదయం రెండు పీరియడ్లు నేరుగా చెప్పే చదువుకే ఉంచండి. అన్వేషణకి వారానికి రెండుసార్లు 15 నుంచి 20 నిమిషాలు చాలు. పొద్దున నేర్చిన అక్షరంతో 'ఊడ' అని రాయాల్సిన అవసరం ఆ ఇరవై నిమిషాల్లో వస్తుంది.

చెనక్కాయ: జూలై నుంచి అక్టోబరు దాకా

24 మంది ఉన్న రెండో తరగతి అనుకుందాం. నలుగురేసి ఆరు జట్లు. జట్టులో ఆరుగురు దాటితే ఇద్దరు చేస్తారు, మిగతావాళ్ళు చూస్తారు. విత్తడానికి ముందే "కాయ ఎక్కడ కాస్తుంది?" అన్నదానికి ప్రతి ఒక్కరితో బొమ్మ గీయించి, పేరు, తేదీ రాయించి దాచిపెట్టాలి. ఇది మరిచిపోతే అక్టోబరులో పోల్చి చూసుకోవడానికి ఏమీ ఉండదు.

మొదటి వారం మొలక పరీక్ష. విత్తనానికని దాచిన కాయలే తెచ్చి పిల్లలతోనే అప్పటికప్పుడు వలిపించాలి. అంగట్లో దొరికే గింజల మీద పొర లేచిపోయి ఉంటుంది, వలిచి ఎన్నాళ్ళయిందో తెలియదు, అలాంటివి చాలా మొలవవు. ఇంకో జాగ్రత్త తప్పనిసరి. ఎరుపు, గులాబీ రంగు పూసిన విత్తనాలు మందు పట్టించినవి, వాటిని పిల్లల చేతికి ఇవ్వకూడదు.

ప్రతి జట్టుకీ మూడు పళ్ళాలు, ఒక్కోదానిలో 10 గింజలు. ఒకటి పొడిగా, ఒకటి తడిగుడ్డలో చుట్టి, ఒకటి నిండా నీళ్ళలో ముంచి. ముందుగా ఊహ అడగాలి. నీళ్ళు ఎంత ఎక్కువుంటే అంత బాగా మొలుస్తాయని చాలామంది అంటారు. మూడో రోజుకి తడిగుడ్డలోవి ముక్కు బయటపెడతాయి. నీళ్ళలోవి ఒకటి రెండు ముక్కు చూపించినా నీళ్ళు తెల్లగా చెడి, వాసన కొట్టి, కుళ్ళిపోతాయి. గింజకి నీళ్ళతో పాటు గాలీ కావాలన్న మాట అప్పుడు చెప్తే చెవికెక్కుతుంది. ఇక్కడ జరిగే పొరపాటు ఒకటుంది. పొడి పళ్ళెం ఎండలో, తడి పళ్ళెం బీరువాలో పెట్టేస్తారు. అప్పుడు తేడా నీటి వల్లా, ఎండ వల్లా అన్నది తేలదు. "ఒక్కటే మార్చాలి, మిగతావన్నీ ఒకేలా ఉండాలి" అన్న నియమం ఏడేళ్ళ పిల్లలకి అర్థమవుతుంది, పందెంలో అందరూ ఒకే గీత నుంచి పరిగెత్తాలని వాళ్ళకి తెలుసు కదా.

ఒక జట్టు పిల్లవాడు "మేడం, మాది యాల మొల్చలా?" అని వస్తాడు. ఆ రాత్రికి రాత్రి మంచి గింజలు పెట్టి సరిచేయడం అన్నిటికంటే పెద్ద తప్పు. ఆ జట్టు గుడ్డ ఎండిపోయిందేమో, పొర చిరిగిందేమో అందరూ కలిసి చూడాలి. ఆరు జట్ల తడి పళ్ళేల్లో 60 గింజలు. మొలిచినవి పదేసి కుప్పలు పెట్టి లెక్కిస్తే పదులు, ఒకట్లు అక్కడే సాధన అవుతాయి.

రెండో వారం నాటడం. ఖాళీ బియ్యం గోతాం అంచు మడిచి అడుగు ఎత్తు చేసి, అడుగున నాలుగైదు చిల్లులు పెట్టాలి. ఎర్రమట్టి రెండు పాళ్ళు, ఇసుక ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు. మట్టి గుల్లగా ఉండటం ముఖ్యం, గట్టిపడితే ఊడ లోపలికి దూరలేదు. రెండు అంగుళాల లోతున మూడు గింజలు వేసి, మొలిచాక బలమైన రెండింటిని ఉంచాలి. ఆరు గోతాలు జట్లకి, రెండు అదనంగా. ఉడతలూ ఎలుకలూ గింజలు తవ్వుకుపోతాయి కాబట్టి మొలకలు వచ్చేదాకా ముళ్ళకంప కప్పాలి.

ఎత్తు కొలవడానికి ఈ వయసులో స్కేలు అక్కర్లేదు. ప్రతి సోమవారం చెట్టు పక్కన కాగితపు పట్టీ పెట్టి, చెట్టంత ఎత్తుకి కత్తిరించి, తేదీ వేసి గోడకి వరసగా అతికించాలి. నాలుగు వారాలకి అదే పట్టీల పటం అవుతుంది. ఏ వారం ఎక్కువ పెరిగింది, ఆ వారం వాన పడిందా అన్న మాటలు దాని ముందు నిలబడితే వాటంతట అవే వస్తాయి.

25 నుంచి 30 రోజులకి పూత మొదలవుతుంది. పువ్వు పొద్దున విచ్చుకుని మధ్యాహ్నానికి వాడిపోతుంది. అందుకే పూత ఉన్న రోజుల్లో మాత్రం పరిశీలన మొదటి పీరియడులోనే పెట్టాలి, మధ్యాహ్న భోజనం తర్వాత వెళ్తే ఏమీ కనిపించదు. పువ్వు మొదట్లో రంగు దారం వదులుగా కట్టి గుర్తుపెట్టుకోవాలి. వారం, పది రోజుల్లో అదే చోటు నుంచి సన్నని, కొస కోసుగా ఉన్న ఊడ కిందికి దిగుతుంది. దారం ఉన్న చోటే ఊడ రావడం చూసిన పిల్లలు 'వేరుకి' అన్న మాట మీద మొదటిసారి అనుమానపడతారు.

అసలు ప్రయోగం ఇప్పుడు. "ఊడని మట్టిలోకి పోనీకపోతే?" అని ఎవరో ఒకరు అడుగుతారు. అడగకపోతే టీచరే అడగవచ్చు. రెండు ఊడల కింద పెరుగు కప్పు మూత పెట్టి మట్టి తగలకుండా చేయాలి. మిగతావి మామూలుగా దిగుతాయి. మూత మీద ఆగిన ఊడ కొస కొన్నాళ్ళకి ఎండిపోతుంది, కాయ పట్టదు. కాయ ఊరడానికి మట్టిలోని చీకటి, తడి కావాలి. కొమ్మ మీద మరీ పైన పూసిన పువ్వుల ఊడలు నేలని అందుకోలేక ఎండిపోవడం కూడా వాళ్ళు ఈ చూపుతోనే గమనిస్తారు.

అదనపు గోతాల్లోంచి 50వ రోజున ఒక చెట్టు, 75వ రోజున ఒకటి పీకి, మట్టి నీళ్ళతో కడిగి, తెల్లకాగితం మీద పరవాలి. వేలితో ఒక్కో కాయనీ వెనక్కి పట్టుకుంటూ పోతే ప్రతిసారీ కొమ్మ దగ్గరికే చేరతాం, వేరు దగ్గరికి కాదు. తీరిగ్గా, ప్రతి పిల్లా తన వేలితో చేయాల్సిన పని ఇది, దీనికి పూర్తి పీరియడు ఇవ్వండి. వేళ్ళకి బుడిపెలు కనిపిస్తాయి, అవి చిన్న కాయలనుకుంటారు. అవి గాలిలోని నత్రజనిని పట్టి ఉంచే సూక్ష్మజీవులుండే బుడిపెలు. రెండో తరగతికి "కాయలు కావు, విప్పి చూడండి, గింజ ఉందా?" అన్నంత చాలు.

తిరుపతి పరిశోధన స్థానం నుంచి వచ్చిన ధరణి రకం గానీ, కదిరి స్థానం నుంచి వచ్చిన కదిరి-6 రకం గానీ అయితే సుమారు 100 నుంచి 110 రోజులకి కోతకి వస్తాయి. కాయ విప్పితే డొల్ల లోపలి వైపు నల్లబడి ఉండటం పక్వానికి గుర్తు. ఇది రైతులు చూసే గుర్తే కాబట్టి, ఆ రోజు పంట పెట్టే అమ్మనో తాతనో బడికి పిలిస్తే పిల్లల ప్రశ్నలకి దీటైన మనిషి దొరుకుతారు. జూలైలో దాచిన బొమ్మలు అప్పుడు బయటికి తీసి, పక్కనే కొత్త బొమ్మ గీయించాలి. వేరుశనగ అన్న పేరు సరైనదేనా, కాకపోతే ఏం పెట్టొచ్చు అన్నది మంచి తెలుగు పాఠం. కుప్పం పిల్లలు కన్నడంలో 'కడలేకాయి' అంటారు, ఉర్దూ ఇళ్ళలో 'మూంగ్‌ఫలీ' అంటారు. ఆ పేర్లలో వేరు లేదని వాళ్ళే పట్టుకుంటారు.

మూర ఎవరిది?

నాలుగు నెలలు భయపెడితే మూడు రోజుల్లో అయ్యేది కూడా ఉంది. తిరుపతిలో మల్లెలైనా కనకాంబరాలైనా కట్టిన పూలు మూరల లెక్కనే అమ్ముతారు. మోచేతి నుంచి వేలి కొస దాకా. మరి ఎవరి మోచెయ్యి? మొదటి రోజు ప్రతి ఒక్కరూ తమ మూరంత పురికొస కత్తిరించి తీగకి వేలాడదీస్తారు. టీచరు మూర సుమారు 45 సెంటీమీటర్లు, ఏడేళ్ళ బిడ్డది 30కి అటూఇటూ. రెండో రోజు అదే వరండాని అందరూ కొలుస్తారు. వరండా 4 మీటర్ల 20 సెంటీమీటర్లుంటే పిల్లలకి 14 మూరలు వస్తుంది, టీచరుకి 9 దాటి కొంచెం.

ఇక్కడ ఆగాలి. "14 పెద్దది కాబట్టి మా వరండా పెద్దది" అనే పిల్లలు ఉంటారు. కొలత చిన్నదైతే అంకె పెద్దదవుతుందన్నది పెద్దవాళ్ళకి తేలిక, ఈ వయసుకి నిజంగా కష్టం. వెంటనే సరిదిద్దకుండా రెండు పురికొసలూ పక్కపక్కన పెట్టి చూపించి, "ఒకే వరండాకి రెండు లెక్కలు ఎలా వచ్చాయి?" అని అడిగి ఊరుకోవాలి. లెక్కలు పొంతన లేకుండా వస్తే చాలాసార్లు కారణం కొలిచే తీరులో ఉంటుంది. పురికొసని సాగదీయడం, ఒకదానిమీద ఒకటి ఎక్కించి పెట్టడం, మధ్యలో ఖాళీ వదలడం. ఎక్కడ ముగిసిందో సుద్దముక్కతో గీత పెట్టే అలవాటు చేస్తే సగం తప్పులు పోతాయి. మూడో రోజు పూలు కట్టే అమ్మని పిలవాలి, జట్టుకి ఒక ప్రశ్న చొప్పున ముందే రాసుకుని ఉండాలి. చేతులు చిన్నవాళ్ళ దగ్గర కొంటే పూలు తక్కువ వస్తాయి కదా అని ఎవరో అడిగినప్పుడు, అందరికీ ఒకే కొలత ఎందుకు కావాలో ఆ ప్రశ్నలోనే ఉంది. మీటరు టేపు అప్పుడు బయటికి తీయాలి, అంతకు ముందు కాదు.

ప్రశ్నలని దారిలో పెట్టడం

పిల్లలు అడిగే ప్రతిదాన్నీ పరిశోధించలేం. "పీకితే చెట్టుకి నొప్పి పుడుతుందా?" మంచి ప్రశ్నే, మన చేతిలో దానికి పరీక్ష లేదు. ప్రశ్నలన్నీ గోడ మీద రాసి మూడు బుట్టల్లో వేయించండి. చూసి తేల్చుకునేవి, పెద్దవాళ్ళని అడిగి తెలుసుకునేవి, పుస్తకంలో చదివి తెలుసుకునేవి. మొదటి బుట్టలోంచి నెలకి ఒక్కటే ఎంచుకోవాలి. 'ఎందుకు'తో మొదలైనదాన్ని 'ఇలా చేస్తే ఏమవుతుంది'గా మారిస్తే చాలావరకు పరీక్షకి అందుతుంది.

ప్రశ్న అడిగాక టీచరు ఎంతసేపు ఆగుతారన్నది మామూలుగా ఎవరూ పట్టించుకోరు. అమెరికాలో మేరీ బడ్ రో అనే విద్యా పరిశోధకురాలు 1970లలో తరగతుల్ని గమనించి, టీచర్లు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని చూపించారు. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవయ్యాయి, నోరు విప్పనివాళ్ళూ మాట్లాడారు. మనసులో మెల్లగా మూడు అంకెలు లెక్కపెట్టుకోండి. ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకో భాష అయిన పిల్లలకి ఆ మూడు సెకన్లు మరీ అవసరం.

రాతలో పిల్లలు పూర్తిచేయడానికి మూడు వాక్యాల మొదళ్ళు ఇవ్వాలి: "నేను చూసింది...", "నేను అనుకునేది...", "నాకు ఇంకా తెలియనిది...". ఒకటో తరగతికి బొమ్మ, ఒక మాట చాలు. రెండుకి రెండు వాక్యాలు. మూడుకి 'ముందు', 'తర్వాత', 'ఎందుకంటే' వాడిన ఐదారు వాక్యాలు. "పువ్వు వాడింది" చూసింది, "నీళ్ళు చాల్లేదు" అనుకున్నది. ఈ తేడా పట్టుకోవడానికి ఏడాది పడుతుంది, తొందరపడొద్దు. పరిశీలన బొమ్మలో ఆకులు ఎన్ని ఉంటే అన్నే గీయాలి, అందం కోసం ఎర్రపువ్వు పెట్టకూడదు.

ఒకే టీచరు ఉన్న బడిలో ఇదంతా ఎలా అన్నది న్యాయమైన అడ్డంకి. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం పలు తరగతుల బడుల కోసం తయారుచేసిన కార్డులు, ఏ కార్డు తర్వాత ఏది చేయాలో వరసగా చూపే అభ్యసన నిచ్చెన పద్ధతి ఈ చిక్కుకి పనికొస్తుంది. మిగతా పిల్లలు తమ కార్డుతో సాధన చేసుకుంటుంటే టీచరు ఒక జట్టుతో గోతాం దగ్గర కూర్చోవచ్చు. మదింపుకీ అదే అదను. రోజుకి నలుగురి గురించి ఒక్కో వాక్యం చొప్పున రాసుకుంటే ఆరు రోజులకి 24 మందీ అవుతారు. ఏం అడిగింది, ఏ ఆధారం చూపించింది, ముందన్న మాట మార్చుకుందా అన్నవే రాయాలి. "చురుకైన పిల్ల" లాంటివి రాస్తే తర్వాత చదివినా ఏమీ తెలియదు.

తల్లిదండ్రుల సంగతి మొదట్లోనే చూసుకోవాలి. నోటుబుక్కులో రాత తక్కువ, చేతులకి మట్టి ఎక్కువ కనిపిస్తే "బడిలో ఏం చెప్తున్నారు?" అని అడుగుతారు. కాగితపు పట్టీల గోడ ముందు వాళ్ళని నిలబెట్టి, బిడ్డనే వివరించమనండి.

చివరిగా దసరా సెలవులు. సరిగ్గా కాయ ఊరే సమయంలో బడి మూతపడుతుంది. నీళ్ళు పోసే వంతులు ఊళ్ళో ఉండే పిల్లల పేర్లతో ముందే గోడకి అతికించాలి, వాన పడిన రోజు పోయకూడదని కూడా రాయాలి. కోత అయ్యాక బాగా ఊరిన 30 కాయలు పొట్టుతోనే ఎండబెట్టి, గుడ్డసంచిలో కట్టి, ఎలుకలు అందుకోని ఎత్తున వేలాడదీయండి. వచ్చే జూలైలో కొత్త రెండో తరగతి గోతాల్లో నాటే విత్తనం అవే. ఆ సంచికి ఒక చీటీ కట్టండి, ఈ ఏడాది పిల్లలకి జవాబు దొరకని ప్రశ్న వాళ్ళ చేతిరాతతోనే దాని మీద ఉండాలి.